ఆ కుర్చీ ఎవరిది?

న్యూజెర్సీలో ఉండే మా ఆడపడుచు శైలజ పోయిన నెల ఫోనులో ఒక ఫొటో పంపింది. పాతకాలపు చెక్క కుర్చీ. ఎత్తైన వీపు, బరువైన చేతులు. "వింటేజ్ వదినా! ఎప్పుడో మూసేసిన పిచ్చాసుపత్రిలోదిట. హాల్లో వేశాను. వచ్చినవాళ్ల కళ్లన్నీ దానిమీదే" అంది. నేనూ ముచ్చటపడ్డాను. పాత సామానంటే నాకూ పిచ్చే మరి! (చూశారా, ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో.) తీరా ఫొటో పెద్దది చేసి చూస్తే, కుర్చీ చేతులకు రెండువైపులా తోలుపట్టీలు దూర్చే కంతలున్నాయి.

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

1950లలో కొత్త మందులొచ్చాయి. 1963లో, ఎక్కడి వాళ్లకు అక్కడే వైద్యం అందాలని అమెరికాలో చట్టం చేశారు. ఆ పెద్ద పెద్ద ఆసుపత్రులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మనుషులు వెళ్లారు, సామాను మిగిలింది. ఇనప మంచాలు, ఎనామిల్ బేసిన్లు, చక్రాల కుర్చీలు. ఇప్పుడవి అలంకరణ వస్తువులు!

అన్నీ అమాయకమైన వస్తువులేం కావు. 1811 ప్రాంతంలో బెంజమిన్ రష్ అనే పేరుమోసిన డాక్టరు ఒక కుర్చీ చేయించాడు. కాళ్లూ చేతులూ కట్టేసి, తల కదలకుండా పెట్టెలాంటిది బిగించేవారు. దానికాయన పెట్టిన పేరు శాంతపరిచే కుర్చీ! న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికా ఆసుపత్రిలో మూత ఉన్న మంచం వాడేవారు. చుట్టూ కమ్మీలు, పైన తాళం. 1887లో గానీ అక్కడ దాన్ని మానలేదు.

ఇవన్నీ తగలబెట్టమని నేననను. మ్యూజియంలో, ఇది దేనికి వాడారో రాసిన చీటీ పక్కన ఉంటే చూసినవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. హాల్లో ఉంటే దానిమీద కాఫీ కప్పు పెడతారు. నా బాధల్లా అదే.

అదే రాష్ట్రంలో విల్లర్డ్ అనే ఆసుపత్రి 1869లో మొదలైంది. అక్కడికి వచ్చిన మొదటి రోగి ఒక స్త్రీ. అంతకుముందు బీదల ఆశ్రమంలో ఏళ్ల తరబడి గొలుసులతో కట్టేసి ఉంచారట ఆమెను. తర్వాత 50 వేలమందికి పైగా వచ్చారు. దాదాపు సగంమంది అక్కడే పోయారు. 1995లో మూసేస్తున్నప్పుడు అటక మీద 400కు పైగా పెట్టెలు దొరికాయి, 1910 నుంచి 1960ల దాకా వచ్చిన రోగులవి. ఉత్తరాలు, ఫొటోలు, కుట్టుపని సామాను, పింగాణీ కప్పులు. ఇంటికి వెళ్లేటప్పుడు తీసుకోవచ్చని సర్దుకున్నవే అన్నీ. రాష్ట్ర మ్యూజియం వాళ్లు వాటిని పారేయనివ్వకుండా తీసుకెళ్లి, ఎవరి పెట్టె వాళ్ల కథతో కలిపి 2004లో ప్రదర్శన పెట్టారు. అదీ పద్ధతంటే!

ఆ పెట్టెల సంగతి చదువుతుంటే మా మేనత్త గుర్తొచ్చింది. రెండో కాన్పు తర్వాత ఆవిడ మాటా పలుకూ మానేసింది. ఆసుపత్రిలో చేర్చారు. ఆవిడ ట్రంకుపెట్టెలో పట్టుచీరలు తీసేసి, మా నాయనమ్మ చింతపండు పోసింది. "ఇంకేం వస్తుందిలే" అనుకున్నారు కాబోలు. ఎనిమిది నెలలకు అత్తయ్య నిక్షేపంలా తిరిగొచ్చింది. గడపలో కాళ్లు కడుక్కుంటూ మొట్టమొదట అడిగింది, "నా పెట్టేదీ?" అని. ఎవ్వరూ బదులు చెప్పలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. చింతపండు ఎత్తిపోయడానికి నేనే చేట తెచ్చిచ్చాను.

మొన్న ఇదంతా శైలజకు చెప్పాను. తప్పుపట్టానని నొచ్చుకుంటుందేమో అనుకున్నాను గానీ, మర్నాడే ఆ కొట్టువాడికి ఫోను చేసిందట, ఏ ఆసుపత్రిది, ఎవరు వాడారు అని. వాడికేం తెలియదట. "అలాంటి కాగితమేదైనా ఉంటే ఆ ధరకు ఇచ్చేవాణ్ణే కాదు మేడమ్" అన్నాడట.