నాడి చూడటం ఇంటివాళ్లకూ రావాలి

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. అయినా అక్కడి లంబాలైన్‌లో కాపురముండే తెలుగు కుటుంబం చేతికి ఈసీజీ కాగితం వస్తే, దాని మీద ఉండేది ఇంగ్లీషే: సైనస్ టాకీకార్డియా. ఆ మాట వినగానే ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడుతుంది. చెన్నైకో విశాఖకో తీసుకెళ్లాలంటే మధ్యలో వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం.

నిజానికి అది జబ్బు పేరే కాదు. పెద్దవాళ్లకు విశ్రాంతిలో గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం మామూలు. 100 దాటితే టాకీకార్డియా, 60 లోపైతే బ్రాడీకార్డియా. సైనస్ అంటే గుండె తన సహజమైన చోటి నుంచే నడుస్తోందని. జ్వరం, రక్తహీనత, ఒంట్లో నీరు తగ్గడం, థైరాయిడ్ అతిగా పనిచేయడం, చివరికి ఆస్పత్రి భయం కూడా వేగం పెంచుతాయి. ఒక డిగ్రీ సెల్సియస్ జ్వరానికి సుమారు పది పెరుగుతుంది. టైఫాయిడ్‌లో మాత్రం జ్వరం మండిపోతున్నా నాడి అంతగా పెరగకపోవచ్చు. అనుభవమున్న డాక్టరు అక్కడే అనుమానిస్తాడు.

పసికందుకు 140 మామూలే. రోజూ పరుగెత్తే కుర్రాడికి 50 ఉన్నా కంగారక్కర్లేదు. బీపీకి మెటొప్రొలాల్ వేసుకునే పెద్దాయనకు నాడి తగ్గడం ఆ మందు గుణమే.

అంకె కన్నా లయ ముఖ్యం, దీన్నే మనవాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పైగదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం. అలాంటి మనిషికీ ఆక్సీమీటరు నాడి 84 అని నిక్షేపంగా చూపించవచ్చు. చేత్తో పట్టి చూస్తేనే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం హెచ్చుతగ్గులుగా ఉందని తెలుస్తుంది.

ఇంగ్లండులో జాన్ ఫ్లాయర్ అనే వైద్యుడు నాడి లెక్కకని నిమిషం గడియారం వాడుకలోకి తెచ్చింది 1707లో. ఇవాళ ప్రతి ఫోన్లోనూ ఆ గడియారముంది. అయిదు నిమిషాలు కూర్చుని, బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు ఆనించి, నిమిషం నిండా లెక్కపెట్టాలి. బొటనవేలితో చూడకూడదు, దాని నాడి దానికుంటుంది.

ఈ పని ఆశా కార్యకర్తలు ఇంటింటా నేర్పాలి. దీవుల్లోని జీబీ పంత్ ఆస్పత్రిలో ఈసీజీ కాగితంతో పాటు రెండు ముక్కలు తెలుగులో, తమిళంలో, బెంగాలీలో రాసివ్వడం పెద్ద ఖర్చేమీ కాదు. ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే మాత్రం లెక్కపెడుతూ కూర్చోకుండా, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలని ఆ కాగితం మీదే పెద్దక్షరాల్లో ఉండాలి.