ఎరుపు కింద ఎరుపు

సంక్రాంతి దగ్గర పడుతోందంటే రంగుల దుకాణాలకు చేతినిండా పని. గోడలకు సున్నమో డిస్టెంపరో ఎవరి స్తోమతను బట్టి వారు వేయించుకుంటారు. గేటుకు, కిటికీ ఊచలకు, మేడమెట్ల రెయిలింగుకు వచ్చేసరికి మాత్రం అందరూ అడిగేది ఒకటే: ‘మళ్లీ పదేళ్లదాకా చూసుకోనక్కర్లేని రంగు ఏదైనా ఉందా?’ దుకాణదారు ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన డబ్బా తీసి చూపిస్తాడు. మూడో వానాకాలానికి గేటు అడుగున, నీళ్లు చిమ్మేచోట, ఆ రంగు బుడగలు బుడగలుగా లేస్తుంది. కంపెనీని నాలుగు తిట్టి మరో కంపెనీకి మారతాం. ఆ డబ్బా మూత తీయకముందు గేటు దగ్గర ఏం జరిగిందో, లేదా ఏం జరగలేదో ఎవరూ అడగరు.

ఇనుము గనిలో ఇనుముగా దొరకదు. బైలదిల్లా కొండల నుంచి రైళ్లకెక్కి విశాఖ ఉక్కు కర్మాగారానికి వచ్చే ఎర్రటి ఖనిజం, ఆక్సిజన్‌తో పెనవేసుకుపోయిన ఇనుమే. బొగ్గు మండించి, ఎంతో వేడి పెట్టి, ఆ రెంటినీ విడదీస్తేగానీ మన చేతికి లోహం రాదు. అలా బలవంతాన విడదీసిన జంట కాస్త చెమ్మ తగిలితే చాలు, మళ్లీ కలిసిపోతుంది. ఆ కలయికనే మనం తుప్పు అంటున్నాం. అల్యూమినియం మీదా ఇలాంటి పొరే ఏర్పడుతుంది కానీ అది గట్టిగా అంటిపెట్టుకుని లోపలి లోహానికి కాపలా కాస్తుంది. ఇనుము తుప్పుకు ఆ గుణం లేదు. పొరలుగా ఊడిపోతూ కొత్త ఇనుమును గాలికి అప్పగిస్తుంటుంది.

దీని విరుగుడుకు మనం వాడే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌లోని ఎర్రదనం కూడా ఐరన్ ఆక్సైడే. అంటే తుప్పుకు దగ్గరి చుట్టం. ఆక్సిజన్‌తో కలవడం అప్పటికే పూర్తయింది కనుక ఆ పొడికి కొత్తగా పట్టే తుప్పు లేదు. దాన్ని నూనె రెజిన్‌లో కలిపి ఇనుముకు పూస్తాం. ఆలోచన బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, తుప్పు మీద రెడ్ ఆక్సైడ్ పూస్తే రెండూ ఒకే రంగు కాబట్టి కింద ఏముందో కనిపించదు. వెల్డింగ్ దుకాణం నుంచి కొత్త గ్రిల్లు ఇంటికి వచ్చేటప్పుడు ఒకసారి గోటితో గీరి చూడండి. వెల్డింగ్ దగ్గర పేరుకున్న నల్లటి పెంకు, బద్దీ మీద ముందే పట్టిన తుప్పు, పనివాడి చేతి జిడ్డు అన్నిటి మీదా ఎర్ర రంగు సమానంగా పరుచుకుని ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు పెద్దలు.

కట్టుబడి నడుస్తున్న ఇళ్లు చూడండి. కిటికీలకు ఎర్ర రంగు గ్రిల్లులు బిగించి, గృహప్రవేశం ముందు పైరంగు వేద్దామని వదిలేస్తారు. డబ్బు సర్దుబాటు కాక ఇల్లు ఏడాది ఆగుతుంది, రెండేళ్లు ఆగుతుంది. ఈలోగా వానలు రానే వస్తాయి. ప్రైమర్ పై పూతకు పట్టునివ్వడానికి చేసింది. దాని మీద ఎనామెల్ పడకపోతే చెమ్మను ఎక్కువకాలం ఆపలేదు. గృహప్రవేశానికి వారం ముందు వచ్చిన పెయింటరు ఆ గ్రిల్లు మీదే మెరిసే నల్లరంగు వేసి వెళ్లిపోతాడు. భోజనాలకు వచ్చిన బంధువులు ఇల్లు అద్దంలా ఉందంటారు.

మరి గీకడం ఎలా ఉండాలి? ముందు రేకు స్క్రేపరుతో పెచ్చులు లేపాలి. తర్వాత తీగల బ్రష్షుతో రుద్దాలి. చివర ఎమరీ కాగితం. ఊచల మీద పని సులువుగానే సాగిపోతుంది. పూల డిజైను మెలికల్లో, రెండు బద్దీలు కలిసేచోట, ఊచ గోడలోకి దిగేచోట చెయ్యి దూరదు. తుప్పు సరిగ్గా అక్కడే కాపురం పెడుతుంది. కాగితాన్ని మడిచి, పాత టూత్ బ్రష్షు పెట్టి, ఒక్కోసారి పురికొసను సందులోంచి అటూ ఇటూ లాగి తోమాలి. బూడిదరంగు లోహం కనబడ్డాక థిన్నర్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోకుండా ఉండాలి. చెమటలోని ఉప్పు, చేతి జిడ్డు రెండూ పూతకు శత్రువులే. లోపల మిగిలిపోయిన తుప్పు ఊరికే ఉండదు. తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. రంగును పైకి నెట్టి బుడగ లేపేది అదే.

ఇంకో సంగతి పనితనం తెలిసిన పెయింటర్లు చెబుతారు. తడి రంగు పదునైన అంచుల మీద నిలవదు, సాగి వెనక్కి పోతుంది. అందుకే ఏ గేటుకైనా తుప్పు ముందు అంచుల్లోనే తొంగి చూస్తుంది. తెలిసినవాడు అంచులకు, వెల్డింగ్ అతుకులకు సన్న కుంచెతో ముందుగా ఒక వరస వేసి, ఆ తర్వాతే మొత్తం మీద బ్రష్షు ఆడిస్తాడు. మామూలు ఎనామెల్ ఆరాక ఒక్కో పూత సుమారు 25 నుంచి 30 మైక్రాన్ల మందం తేలుతుంది. తల వెంట్రుక మందంలో సగం కూడా కాదు. ఒకేసారి మందంగా పూసి త్వరగా ముగిద్దామనుకుంటే పైన చర్మం కట్టి లోపల పచ్చిగానే ఉండిపోతుంది, కాస్త వాలుంటే కారుతుంది కూడా. పలుచగా రెండు మూడు పూతలు వేసి, మధ్యలో ఆరనివ్వడమే పద్ధతి. ఉదయం మంచు తడి ఆరిపోయేదాకా బ్రష్షు ముట్టకూడదు. మే నెల ఎండలో చెయ్యి కాలే గేటు మీద వేసిన రంగు పరుచుకునేలోపే బిగుసుకుంటుంది. వానలు వెనకపట్టు పట్టాక, ఎండ ముదరకముందు అనువైన కాలం. సంక్రాంతి ముందు రంగులు వేయించే అలవాటుకు పండుగ ఒక్కటే కారణం కాకపోవచ్చు.

ఇంత శాస్త్రం మనకెందుకు అనిపిస్తే వంటింట్లోకి వెళ్లి దోసెల పెనాన్ని చూడాలి. కొత్త ఇనుప పెనాన్ని బాగా తోమి, గంజిలోనో బియ్యం కడుగులోనో నానబెట్టి, ఆరబెట్టి, పొయ్యి మీద కాగాక సగం కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది రుద్దుతారు. పలుచగా రుద్ది, పొగ రానిచ్చి, చల్లార్చి, మళ్లీ అదే పని. జిగురుగా అంటుకుందంటే నూనె ఎక్కువైందని అత్తగారు వెంటనే పసిగట్టేస్తుంది. ఆ వేడికి నూనె అణువులు ఒకదానికొకటి ముడిపడి నల్లటి గట్టి పొరగా మారతాయి. పెనానికి తుప్పు రాకుండా, దోసె అంటుకోకుండా కాపాడేది ఆ పొర. గేటుకు వేసే ఎనామెల్ ఆరి గట్టిపడేది కూడా ఇంచుమించు ఈ సూత్రం మీదే. అందులోని నూనె రెజిన్ గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని బిగుసుకుంటుంది. ఇనుమును తినే గాలే దాని కవచాన్నీ గట్టిచేస్తుందన్నమాట. అవిసె నూనెకు ఈ గుణం మరీ ఎక్కువ. ఆ నూనె తుడిచిన పేలికలను ఉండచుట్టి మూలన పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతటవే అంటుకునే ప్రమాదముంది. విడివిడిగా పరిచి ఆరేయాలి.

శుభ్రం చేయడంలోనే సగం పని ఉందని బాగా తెలిసినవాళ్లు కళాయి వేసేవాళ్లు. వీధి అరుగు పక్కన గుంట తవ్వి, కొలిమితిత్తి అమర్చి, ఇత్తడి గిన్నెలన్నీ పోగేయించి, ముందుగా వాటి లోపలి చిలుమంతా వదిలేదాకా తోమేవారు. పెద్ద గుండిగల్లోకి దిగి కాళ్లతో తోమేవారూ ఉండేవారు. తర్వాత గిన్నెను నిప్పు మీద తిప్పుతూ నవాసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పున లేచేది. వేడెక్కిన ఇత్తడికి తగరపు కడ్డీ తాకిస్తే 232 డిగ్రీలకే కరిగి జారుతుంది. దూదితో గిర్రున ఒక తిప్పు తిప్పితే లోపలంతా వెండి మెరుపు. నవాసాగరం చేసే పని కూడా శుభ్రమే. లోహం మీద ఆఖరున మిగిలిన ఆక్సైడ్ పొరను అదే తీసేస్తుంది, లేకపోతే తగరం పట్టదు. చింతపండు పులుసు ఇత్తడిలో కాచినా చిలుమెక్కకుండా చూసిన ఆ పూత కొన్నాళ్లకు అరిగిపోయేది. మళ్లీ వేయించుకునేవారు. శాశ్వతంగా ఉండే కళాయి కావాలని ఎవరూ అడిగినట్టు లేదు.

శాశ్వతం అనగానే ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కనున్న ఇనుప స్తంభం గుర్తొస్తుంది. పదహారు వందల ఏళ్లుగా అది నిలిచి ఉండటానికి కారణాన్ని ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ఆర్.బాలసుబ్రమణియం వివరంగా అధ్యయనం చేశారు. ఆనాటి ఇనుములో భాస్వరం ఎక్కువ, దానివల్ల పైన ఐరన్ ఫాస్ఫేట్ పొర పేరుకుని కాపాడుతోందని తేల్చారు. ఇప్పుడు సీసాల్లో అమ్మే ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రావణాలు గీకిన ఇనుము మీద చేసేదీ చిన్నపాటి ఫాస్ఫేట్ పూతే. అంతటి స్తంభానికి కూడా నేలలో చెమ్మ తగిలే భాగంలో తుప్పు తప్పలేదు. పారిస్‌లోని ఈఫిల్ టవర్‌ను 1889లో కట్టినప్పుడు ఇరవై ఏళ్లకే అనుమతి. నేటికీ అది నిలిచి ఉందంటే దాదాపు ఏడేళ్లకోసారి మనుషులు పైకెక్కి పాత పెచ్చులు గీకి, కుంచెలతో రంగు వేయడం వల్లే. ఒక్కో విడతకు సుమారు 60 టన్నుల రంగు పడుతుంది. రంగు ఎంత శ్రద్ధగా వేస్తే కట్టడం అంతకాలం బతుకుతుందన్నది స్వయంగా ఈఫిల్ అభిప్రాయం.

సముద్రపు ఒడ్డున ఉండేవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. ఉప్పు కలిసిన చెమ్మలో తుప్పు వేగం పెరుగుతుంది. విశాఖ బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామి అయినా, వెనక వీధిలోని కిటికీ ఊచ అయినా ఆ గాలికి ఒకటే. అక్కడివాళ్లు జింకు పూసిన జీఐ పైపులవైపు మొగ్గుతారు. మంచిదే, గీత పడినా ఇనుము కంటే ముందు జింకు తాను కరిగిపోతుంది. అయితే దాని మీద నేరుగా మామూలు ఎనామెల్ వేయిస్తే జింకు, రంగులోని నూనె కలిసి సబ్బులాంటి పొర తయారై రంగు ఊడిపోతుంది. జింకుకు సరిపడే ప్రైమర్ అడిగి మరీ కొనాలి. పౌడర్ కోటింగ్ అందంగానే ఉంటుంది కానీ 180, 200 డిగ్రీల భట్టీ కావాలి కనుక దుకాణానికి పంపాల్సిందే. కేకులు చేసుకునే ఓవెన్‌లో ప్రయోగాలు వద్దు.

పాత ఇళ్ల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త ఉండాలి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో ఎంత ఉందో తెలియదు. పొడిగా గీకి దుమ్ము రేపకుండా, తడి చేసుకుంటూ, ముక్కుకు మాస్కు కట్టుకుని గీకాలి. పిల్లలను ఆ రోజు దూరంగా ఉంచాలి. తడిపి గీకిన ఇనుమును వెంటనే తుడిచి ఆరబెట్టకపోతే గంటల్లోనే పసుపు తుప్పు లేస్తుందని మరవకూడదు.

ఇంతకీ పెయింటరు గీకకుండా ఎందుకు రంగు వేస్తాడు? సోమరితనం అనేస్తాం. మనం బేరమాడేది అడుగుకింత అనో, గేటుకింత అనో. అందులో గీకుడు కూలి ఎక్కడా లేదు. పొద్దుటి నుంచి సాయంత్రందాకా గీకి, దుమ్ము మింగి, పెచ్చులు తప్ప చూపించడానికి ఏమీ లేకుండా నిలబడితే ‘ఇంకా రంగు మొదలే పెట్టలేదా’ అని అడిగేది మనమే. అతడికి కనబడే పనికే డబ్బు దొరుకుతోంది, కాబట్టి కనబడే పనే చేస్తున్నాడు. ఈసారి గేటు పని ఒప్పుకునేటప్పుడు గీకుడుకు ఒక రోజు కూలి విడిగా మాట్లాడి చూడండి, అది ముందే ఇచ్చినా నష్టం లేదు. ఆ సాయంత్రం ప్రైమర్ డబ్బా తెరవకముందు వెలుతురు ఉండగానే వెళ్లి, కింది బద్దీ లోపలి అంచున తెల్లగుడ్డతో ఒకసారి తుడవాలి. గుడ్డకు ఎరుపు అంటితే మర్నాడు కూడా గీకుడే, దానికీ కూలి ఇవ్వాల్సిందే.