పూడిన బావి, నిండిన కలశం

సాధకవర్గంలో ఒక వాదం బలంగా పాతుకుపోయింది. పేటలోని బావి, వీధిలోని వృక్షం, పరిసరాల శుచిత్వం లౌకిక విషయాలనీ, ముముక్షువుకు వాటితో ప్రసక్తి లేదనీ దాని సారాంశం. ఇష్టాపూర్తాలనే శ్రేష్ఠమని తలచేవారిని ముండకోపనిషత్తు మూఢులన్నది కదా అని ప్రమాణం కూడా చూపుతారు.

ఆ ప్రమాణం వారికే ప్రతికూలం. ఇష్టమంటే యజ్ఞహోమాదులు, పూర్తమంటే బావులు, చెరువులు, ఆలయాలు, ఉద్యానాలు నెలకొల్పడం, అన్నదానం. శ్రుతి రెండింటినీ ఒకే సమాసంలో పేర్కొన్నది. ఆ వాక్యం బావిని త్యజించమంటే హోమాన్నీ త్యజించమన్నట్లే. హోమకుండాన్ని నిలుపుకొని బావిని మాత్రం విడిచిపెట్టడాన్ని వైరాగ్యమనడం ఆత్మవంచన. కర్మఫలమైన స్వర్గమే పరమమనే భ్రాంతిని శ్రుతి నిందించింది. ఫలాపేక్ష లేక ఈశ్వరార్పణబుద్ధితో ఆచరించిన కర్మ చిత్తశుద్ధికి హేతువని శంకరభగవత్పాదుల సిద్ధాంతం. చిత్తశుద్ధి లేని విచారణ వాచావేదాంతంగానే మిగులుతుంది.

సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలోని నాగన్నకుంట దీనికి ప్రత్యక్ష నిదర్శనం. 17వ శతాబ్ది నాటిదిగా చెప్పే ఆ మెట్లబావి దశాబ్దాలపాటు మట్టితో, చెత్తతో పూడి కనుమరుగైంది. ఆ కాలంలో నగరంలో ఏ పూజా ఆగలేదు. గృహగృహాన కలశోదకంలోకి గంగా గోదావరులను ఆవాహన చేస్తూనే ఉన్నారు. కలశంలో నదిని దర్శించిన నేత్రాలకు పేటలోని బావి చెత్తకుండీగా కనబడింది. 'ది రైన్‌వాటర్ ప్రాజెక్ట్' సంస్థ, నగరపాలక సంస్థ, మహానగరాభివృద్ధి సంస్థ కలిసి పూడిక తీయించగా అడుగున మళ్ళీ జలం ఊరింది. 2022 డిసెంబరు 5న ఆ బావి ప్రజలకు అందింది.

లౌకికమని త్రోసిపుచ్చేవారు అదే సికింద్రాబాదులోని ఉజ్జయినీ మహంకాళి ఆలయచరిత్రను స్మరించాలి. 1813లో జంటనగరాలలో కలరా ప్రబలినప్పుడు, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో అమ్మవారికి మ్రొక్కుకొన్నాడు. ఆయన కోరినది తన ఊరివారి ప్రాణరక్షణ. 1815లో తిరిగివచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించాడు. ఆ ప్రాంగణంలో పూజలందుకొనే మాణిక్యాలమ్మ విగ్రహం లభించినదీ ఒక పాత బావి వద్దనే అని ఐతిహ్యం. ఆషాఢంలో బోనమెత్తే ప్రతి తల్లీ ఆ సంకల్పానికే వారసురాలు.

"అది ప్రభుత్వం పని" అనేది ఈ వాదానికి చివరి ఆశ్రయం. అధికారులు పూడిక తీయించగలరు, ప్రాకారం కట్టించగలరు. మరునాడు ఎవరో విసిరే నిర్మాల్యాన్నీ, ప్లాస్టిక్ సంచినీ ఆపవలసినది ఆ వీధివారే. ఇంటి పైకప్పుపై పడిన వర్షాన్ని ఇంకుడుగుంతలోకి మళ్ళించడం, వారానికొక సాయంకాలం ఇరుగుపొరుగుతో కలిసి బావిగట్టునూ, చెట్ల పాదులనూ చూచుకోవడం సత్సంగంలో విన్నదానికి పరీక్షలు. ఆ పరీక్షకు నిలువని శ్రవణం ఎన్ని సంవత్సరాలు సాగినా మననం కాజాలదు.

వర్షం వలన అన్నమనీ, యజ్ఞం వలన వర్షమనీ బోధించిన గీతాచార్యుడు, ఆ చక్రాన్ని అనుసరించని వాని జీవితం వ్యర్థమని మూడవ అధ్యాయంలోనే తీర్పు చెప్పాడు. లోకసంగ్రహానికి జనకుని ఆదర్శంగా చూపినదీ అక్కడే. తన పేట బావిని ఎండనిచ్చి మోక్షం కోరేవాడు ముందుగా ఆ తీర్పును చదువుకోవాలి.