తప్పంతా తల్లి తిండిదేనా?

పసిబిడ్డ బుగ్గల మీద ఎర్రటి పొక్కులు లేచి, మోచేతి మడతల్లో చర్మం గరుకుతేలి, రాత్రంతా గీరుకుంటూ ఏడుస్తుంటే ఇంట్లో మొదట వినపడే ప్రశ్న ఒకటే. 'కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావమ్మా?' వంకాయ తిన్నావా, గోంగూర తిన్నావా అని ఆరా. తండ్రికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు! ఇప్పుడు ఈ దెప్పిపొడుపులకి కొత్తది తోడైంది. 'ప్రొబయోటిక్స్ వాడి ఉంటే వచ్చేది కాదుగా' అని.

మందుల షాపుల్లో పొడి పొట్లాలుగా, చుక్కల సీసాలుగా దొరికే ఈ ప్రొబయోటిక్స్ అంటే పేగులకి మేలు చేసే సూక్ష్మజీవులే. కాన్పు సమయంలో, తల్లిపాల ద్వారా, ఎత్తుకుని ముద్దాడే వాళ్ల నుంచి ఇలాంటివి బిడ్డ పొట్టలోకి ఎలాగూ చేరతాయి. ఏది శత్రువో, ఏది కాదో రోగనిరోధక శక్తి నేర్చుకునేది వాటి సావాసంలోనే. ఆ పాఠం సరిగ్గా ఒంటబట్టకపోతే అలర్జీలు వస్తాయేమోనని శాస్త్రజ్ఞుల ఊహ.

దాన్ని ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో పరీక్షించి చూశారు. అలర్జీలున్న కుటుంబాల నుంచి 159 మంది గర్భిణులను ఎంచుకుని, కాన్పుకి రెండు నుంచి నాలుగు వారాల ముందు కొందరికి ఎల్‌జీజీ అనే రకం సూక్ష్మజీవుల్నీ, మిగతావారికి ఉత్తుత్తి మందునీ ఇచ్చారు. కాన్పయ్యాక ఆరు నెలలు కొనసాగించారు. రెండేళ్లు నిండేసరికి మొదటి జట్టులో 64 మంది పిల్లల్లో 15 మందికి, రెండో జట్టులో 68 మందిలో 31 మందికి ఎగ్జిమా కనిపించింది. అంటే సగానికి సగం తగ్గిందన్నమాట. 2001లో ఈ ఫలితం వెలువడగానే ఎక్కడలేని ఆశ పుట్టింది. కానీ జర్మనీలో అదే రకంతో చేసిన పరీక్ష 2008లో బయటికొచ్చింది. వాడినవాళ్లకీ, వాడనివాళ్లకీ తేడాయే లేదు!

అలర్జీ వచ్చే ముప్పు ఎక్కువున్న కుటుంబాల్లో వాడొచ్చని ప్రపంచ అలర్జీ సంస్థ 2015లో సూచించింది. ఆధారాలు చాలా బలహీనమని కూడా ఆ సంస్థే చెప్పింది. మేలేదైనా ఉంటే అది ఎగ్జిమా వరకే. ఉబ్బసాన్ని ఆపుతుందన్న రుజువు లేదు. ఇంత సందేహమున్న పొట్లం కొనలేదని ఏ తల్లీ దోషి అయిపోదు.

మరి పెరుగు? ఏ ఇంటి తోడు ఆ ఇంటిది. అందులో ఉండేవి పరీక్షల్లో వాడిన రకాలే అనుకోడానికి లేదు. అయినా పెరుగు మంచి ఆహారం. బిడ్డకి జలుబు చేస్తుందంటూ బాలింత విస్తట్లోంచి తీసేయడం మాత్రం అన్యాయం. గర్భిణి గుడ్డు, పాలు, వేరుశనగలు మానేసినంత మాత్రాన బిడ్డకి అలర్జీ ఆగదు. పైగా 2015లో లండన్ పరిశోధకులు ముప్పెక్కువున్న 640 మంది పసివాళ్లను పరిశీలించారు. ఏడాది నిండకముందే వేరుశనగ తినిపించడం మొదలుపెట్టినవాళ్లలో, అయిదేళ్లకి ఆ అలర్జీ సుమారు 3 శాతానికే వచ్చింది. దూరంగా ఉంచినవాళ్లలో 17 శాతానికి వచ్చింది. అలాగని గింజలు నోట్లో పెట్టకండి, గొంతుకి అడ్డం పడతాయి. మెత్తగా నూరి అన్నంలోనో జావలోనో కలపాలి. ఎగ్జిమా బాగా ఉన్న బిడ్డకైతే ముందుగా డాక్టర్ని అడగాలి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి మాత్రం షాపువాడి మాట మీద ఈ చుక్కలు వేయకండి. అలాంటి బిడ్డల్లో ఈ సూక్ష్మజీవులే రక్తంలో చేరి ప్రాణం మీదికి తేవచ్చని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

ఎగ్జిమా వచ్చిన బిడ్డకి స్నానం కాగానే, ఒళ్లు తడి ఆరకముందే డాక్టరు చెప్పిన క్రీము పట్టించండి. ఆరు నెలల దాకా తల్లిపాలు చాలు. తల్లి కూడా తనంతట తాను పథ్యాలు మొదలుపెట్టనక్కర్లేదు. ఏం తిన్నావని ఆరా తీసే పెద్దవాళ్లు ఆ దురదల రాత్రుల్లో కాసేపు బిడ్డని ఎత్తుకుంటే, ఆమె కూడా ఓ కునుకు తీస్తుంది.