అడిగేముందు కూర్చోవాలి

బేత్లెహేము అంటే ‘రొట్టెల ఇల్లు’ అని అర్థం. ఆ రొట్టెల ఇంట్లోనే కరువొచ్చింది. ఎలీమెలెకు, నయోమి తమ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని మోయాబుకు వలస వెళ్ళారు (రూతు 1:1). ఈ వచనానికి అనంతపురం జిల్లా విశ్వాసులకు వ్యాఖ్యానం అక్కరలేదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపించే పెన్నా ఒడ్డున, పామిడిలో కాపురముంటున్న మాకూ అక్కరలేదు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఒక కొడుకు బెంగళూరులోనో, ఒక కూతురు గల్ఫ్‌లోనో లేని వీధి అరుదు.

అలా వెళ్ళినవారిలో మా సంఘ కుటుంబం ఒకటుంది. వేసిన బోర్లు ఎండి, చెనక్కాయ పంట వరుసగా చేతికి రాక ఆ సోదరుడు 2006లో డ్రైవరుగా కువైట్ వెళ్ళాడు. కొన్నేళ్ళకు భార్య కూడా వెళ్ళింది. చంటిబిడ్డను నాయనమ్మే పామిడిలో పెంచింది. ఆ పాప ఇప్పుడు బెంగళూరులో ఇంజినీరింగ్ చదువుతోంది. గత నెల దంపతులిద్దరూ మూడు వారాల సెలవు మీద వచ్చి మారతహళ్ళిలో కూతురి దగ్గర దిగారు. ‘అయ్యగారూ, అమ్మగారిని తీసుకొని ఒక్కసారి వచ్చిపోండి’ అని ఫోన్ చేశారు.

నిజం చెప్పాలంటే ఆ పిలుపు మాకు కాస్త గుచ్చుకుంది. ‘కువైట్ నుంచి బెంగళూరు దాకా రాగలిగినవాళ్ళకు పామిడి దూరమైందా? సొంతూరి దుమ్ము ఇప్పుడు పడదేమో’ అని ఇంట్లో అనుకున్నాం. అనుకుంటూనే వెళ్ళడానికి సిద్ధమయ్యాం. ఎందుకంటే మందిరం పైకప్పు మరమ్మతుకు చందాలు కూడగట్టాలి. జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి సర్దిన సంచిలోనే అడుగున రసీదు పుస్తకం కూడా పెట్టుకున్నాం.

పాస్టర్లకు వారాంతం అంటూ ఉండదు. ఆదివారం ఆరాధనకు తిరిగి రావాలి. శుక్రవారం తెల్లవారుజామునే బయలుదేరి అనంతపురంలో బెంగళూరు బస్సెక్కాం. పెనుకొండ దగ్గర కొత్త కార్ల ఫ్యాక్టరీ, బాగేపల్లి దాటాక చిక్కబళ్ళాపురం కొండలు. మన పెన్నా పుట్టేది ఆ నంది కొండల ప్రాంతంలోనే. ఇంకొంచెం ముందుకెళ్తే దేవనహళ్ళి విమానాశ్రయం. 2008లో అది తెరిచినప్పటి నుంచి మా ప్రాంతంవాళ్ళెందరో దేశం దాటేది అక్కడి నుంచే.

మధ్యాహ్నానికి వాళ్ళ ఇంటికి చేరాం. భోజనాలయ్యాయి. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్రవారమే కాబట్టి అక్కడి ఆరాధన కూడా ఆ రోజే. నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో ఒకే చోట ఎన్నో భాషల సంఘాలు కూడుకుంటాయని, తెలుగువాళ్ళూ వాటిలో ఉన్నారని వాళ్ళు ఉత్సాహంగా చెప్పారు. మాటల మధ్యలో మేము లోపలున్నది దాచుకోలేక అడిగేశాం: ‘ఇంత దూరం వచ్చి ఊరికి రాకపోతే ఎట్ల తమ్ముడూ?’

అతడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: ‘ఆ ఇంటి తాళం నేనెట్ల తీసేది అయ్యగారూ?’

2021 మే నెల మాకు అప్పుడు గుర్తొచ్చింది. కరోనా రెండో విడత. అంతకుముందు నెలాఖరులోనే కువైట్ మన దేశం నుంచి వచ్చే విమానాలను ఆపేసింది. ఇక్కడికి వస్తే తిరిగి వెళ్ళే దారి లేదు, వెళ్ళకపోతే ఉద్యోగం లేదు. ఆ రోజుల్లోనే అతని తల్లి ప్రభువునందు నిద్రించింది. సమాధి దగ్గర నలుగురైదుగురమే ఉన్నాం. ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో సెల్‌ఫోన్ పట్టుకొని మేము ఆ కార్యక్రమం జరిపించాం. బాధ్యత నెరవేర్చామని తృప్తిపడ్డాం కూడా.

‘మీరు మట్టి వేసే సమయానికి సిగ్నల్ పోయింది. అమ్మను పూడ్చడం నేను చూడలేదు. నా లెక్కలో ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. తాళం తీస్తే లేదని తేలిపోతుంది’ అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. సిగ్నల్ పోయిందని మాకు ఇన్నేళ్ళూ తెలియదు, ఎందుకంటే మేము అడగలేదు. ఈ మధ్యకాలంలో మేము అతనికి పంపిన సందేశాలేమిటో తలచుకుంటే సిగ్గేసింది. క్రిస్మస్ శుభాకాంక్షలు, ఉజ్జీవ సభల కరపత్రం, పైకప్పు ఖర్చు అంచనా. ఒక తల్లిలేని కొడుకుతో ‘ఎలా ఉన్నావు నాయనా?’ అనే మాట వాటిలో లేదు. సంచి అడుగున ఉన్న రసీదు పుస్తకం అడుగునే ఉండిపోయింది.

వలస వెళ్ళినవారి విషయంలో మన సంఘాలు రెండు తప్పులు చేస్తున్నాయి. వాళ్ళు లేనప్పుడు ధనాపేక్షతో వెళ్ళారని, లోకాన్ని ప్రేమించిన దేమా లాంటివారని ప్రసంగిస్తాం. వచ్చినప్పుడు దండ వేసి ముందు కుర్చీలో కూర్చోబెట్టి కానుక ప్రకటిస్తాం. రెండు చోట్లా మనం చూస్తున్నది డబ్బునే, మనిషిని కాదు. కరువు కాలంలో అబ్రాహాము ఐగుప్తుకు వెళ్ళాడు (ఆది. 12:10). మరో కరువులో ఇస్సాకును దేవుడు వెళ్ళవద్దన్నాడు, అతడు ఉన్నచోటే విత్తి నూరంతలు కోశాడు (ఆది. 26:1–12). వెళ్ళినవాడికీ ఉన్నవాడికీ దేవుడొక్కడే. తీర్పు తీర్చే పని మనది కాదు.

నయోమి తిరిగి వచ్చిన రోజును గమనించండి. సమృద్ధిగా వెళ్ళి వట్టి చేతులతో వచ్చానని ఆమే ఒప్పుకుంది (రూతు 1:21). ‘ఎందుకు వెళ్ళావు? ఏం తెచ్చావు?’ అని బేత్లెహేము స్త్రీలు నిలదీసినట్లు గ్రంథంలో ఒక్క మాటా లేదు. ఆమె కోసం ఊరంతా కదిలింది. చివరికి ఆమె ఒడిలోని బిడ్డకు పేరు పెట్టింది కూడా ఆ ఇరుగుపొరుగు స్త్రీలే (రూతు 4:17). ఉన్న ఊళ్ళో మిగిలినవారి పరిచర్య అదే. వెళ్ళినవారికి చోటు ఉంచడం, వచ్చినప్పుడు గుర్తుపట్టడం.

యోహాను తన రెండో పత్రికలో, రాయవలసినవి ఎన్నో ఉన్నా కాగితం, సిరా వద్దనుకొని ముఖాముఖిగా మాట్లాడే రోజు కోసం ఎదురుచూశాడు (2 యోహాను 12). నేటి మన కాగితం, సిరా వీడియో కాల్. దాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే సిగ్నల్ పోయిన చోట ఏం జరిగిందో ఎదురుగా కూర్చున్నప్పుడే తెలుస్తుంది. రోమాలో సంకెళ్ళలో ఉన్న పౌలును ఒనేసిఫోరు శ్రద్ధగా వెదకి కనుగొన్నాడు (2 తిమోతి 1:16–17). అడగడానికి కాదు, సేదదీర్చడానికి వెళ్ళాడు.

శనివారం రాత్రి బస్సుకు మేము రెండు టికెట్లు అనుకున్నాం, మూడు కావలసి వచ్చాయి. ఆదివారం ఆరాధన తర్వాత ముగ్గురం కలిసి ముందు సమాధి దగ్గరికి, తర్వాత ఆ ఇంటికి వెళ్ళాం. తుప్పు పట్టిన తాళం తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. మేము వాకిట్లోనే నిలబడ్డాం. లోపల అతడు ఏడ్చినంతసేపు ఏడ్చాడు. ప్రార్థన తర్వాత చేశాం.

ప్రియులారా, మీ సంఘంలోనూ పిల్లలు దూరదేశాల్లో ఉన్న వృద్ధులుంటారు. ఈ వారం ఒకరి ఇంటికి వెళ్ళండి. సెలవుల్లో వచ్చినవారుంటే ఏ పుస్తకమూ పట్టుకోకుండా వెళ్ళి కూర్చోండి. దూరాన ఉన్న బిడ్డలారా, డబ్బు పంపుతున్నారు, సంతోషం. కానీ చలికాలం రాకముందే రమ్మని పౌలు తిమోతిని బతిమాలినట్లు (2 తిమోతి 4:21) మీ కోసమూ ఒక వాకిలి ఎదురుచూస్తోంది. తాళం పడకముందే రండి.

మందిరం పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. అది ప్రభువు చూసుకుంటాడు.