కాఫీ మొక్కకున్న లెక్క మన పిల్లకు లేదా?

పాడేరు కొండల్లో కాఫీ వేసిన రైతును ఎవరినైనా అడగండి. ముందు సిల్వర్‌ఓక్ నాటుతాడు. అది నీడనిచ్చేదాకా రెండు మూడేళ్లు ఆగుతాడు. ఆ నీడలో కాఫీ మొక్క పెడితే కాపు చేతికొచ్చేసరికి మరో మూడు నాలుగేళ్లు. మొత్తం ఆరేడేళ్ల లెక్క. రైతుకు ఈ లెక్క నోటికి తెలుసు. ఐటీడీఏకు కాగితం మీద తెలుసు. వచ్చే ఏడు నాటాల్సిన మొక్క ఈ ఏడే నర్సరీ సంచిలో ఉంటుంది.

బడి సంగతి చూడండి. జూన్‌లో తలుపులు తీశాక పిల్లల్ని లెక్కపెడతారు. ఆ అంకెను బట్టి టీచరు ఉంటాడో పోతాడో తేలుతుంది. టీచరు లేడని తల్లిదండ్రులు పిల్లను ఆశ్రమ పాఠశాలకు పంపితే, పిల్లలు లేరని మరుసటి ఏడు టీచరును ఇవ్వరు. తమ చేతులతో ఖాళీ చేసి, ఖాళీ అయిందని రాసుకుంటారు. దీనికి ‘హేతుబద్ధీకరణ’ అని పేరు. ఇందులో హేతువు ఎక్కడుందో ఇన్నేళ్లు పాఠాలు చెప్పినా మాకు దొరకలేదు.

మైదానంలో తొమ్మిది మంది ఉన్న బడి అంటే మిగతా పిల్లలు ప్రైవేటు బస్సెక్కారని అర్థం. కొండ మీద తొమ్మిది మంది అంటే ఊరి పిల్లలంతా వచ్చారని అర్థం. పదిహేను ఇళ్ల ఊళ్లో ఇంకెంతమంది ఉంటారు? విద్యాహక్కు చట్టం నిబంధనలు ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపు ఉండాలంటాయి. ఆ కిలోమీటరును మ్యాపు మీద కొలుస్తారు. మధ్యలో గెడ్డ ఉందా, ఆగస్టులో ఏడేళ్ల పిల్ల దాన్ని దాటగలదా అని ఎవరూ అడగరు.

2022లో 117 నంబరు జీవో వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలపమంది. 2025లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈలోగా మూడో తరగతి పిల్ల ఐదు దాటేసింది. ఆ పిల్ల పోగొట్టుకున్న మూడేళ్లను ఏ జీవో వెనక్కి తెస్తుంది?

భవిష్యత్తులో ఎంతమంది పిల్లలొస్తారో, ఎన్ని ఖాళీలొస్తాయో ఇప్పుడే ఎలా చెప్పగలం అని మమ్మల్ని ఎదురు ప్రశ్నిస్తారు. చెప్పగలం. రెండు రిజిస్టర్లు చాలు. అంగన్‌వాడీ చెల్లెమ్మ దగ్గరున్న రిజిస్టరు తెరిస్తే ఈ ఏడు పుట్టిన పిల్లలు కనిపిస్తారు. వాళ్లే ఐదారేళ్లకు ఒకటో తరగతికి వచ్చేది. టీచరు సర్వీసు రిజిస్టరు తెరిస్తే పుట్టిన తేదీ ఉంటుంది. దానికి 62 కలిపితే ఆ కుర్చీ ఖాళీ అయ్యే నెల తెలుస్తుంది. కూడిక వచ్చిన మూడో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. తెలియక ఆగింది కాదు. తెలిస్తే టీచరును ఇవ్వాల్సి వస్తుంది.

ఏ టీచరును ఇవ్వాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. కువి మాట్లాడే కోదు పిల్ల ఒకటో తరగతిలో కూర్చుంటుంది. టీచరు తెలుగులో ‘పలక తీయమ్మా’ అంటాడు. పిల్ల కదలదు. మొద్దు అని రాసేస్తాం. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది ఆదివాసీ, గిరిజన భాషల్లో చదువు మొదలైంది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా. వాచకాలు వచ్చాయి, బొమ్మలు బాగున్నాయి. ఆ భాష వచ్చిన మాస్టారు బదిలీ కాగానే పుస్తకాలు బీరువాలోకి వెళ్లాయి. ఆయన తర్వాత ఎవరు అని ఎవరూ రాసుకోలేదు కాబట్టి. మాతృభాషా వాలంటీర్లను పెట్టారు, సంతోషమే. వాళ్ల కొలువు బడి ఏడాదితో ముగుస్తుంది. మళ్లీ జూన్ వచ్చేసరికి ధర్నా. సీఆర్టీల బతుకూ అంతే. ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే మనిషి పదేళ్ల ప్రణాళికను ఎలా మోస్తాడు?

ఇది ఎలా చేయాలో తెలియని దేశం కాదు మనది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం గోండుల సంగతి కనుక్కోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో మొదట పెట్టింది టీచర్ల శిక్షణ కేంద్రం. గోండు యువకుల్ని తయారు చేశారు, గోండి వాచకాలు రాయించారు, ఆ టీచర్లతో ఊళ్లలో బళ్లు నడిపారు. ఆ వాచకాలకు దేవనాగరి లిపి వాడటం మీద వాదించుకోవచ్చు. టీచరు ముందు, గోడలు తర్వాత అన్న వరస మాత్రం సరైనది. ఇప్పుడు గోడలు ముందు. ఎస్టీలు సగానికి పైగా, కనీసం 20 వేల మంది ఆదివాసులు ఉన్న ప్రతి బ్లాకులో 2022 కల్లా ఏకలవ్య పాఠశాల అని 2018 బడ్జెట్‌లో చెప్పారు. టీచర్ల కోసం 2023లో దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టారు. తెలుగు రాని టీచరు, తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన కువి పిల్ల ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చునే దారి తెరిచారు.

3వ నంబరు జీవో గురించి మన తమ్ముళ్లకు చెప్పక్కర్లేదు. 2000 జనవరిలో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం కుదరదని చెప్పింది. పిల్లల భాష వచ్చిన టీచరు వద్దని చెప్పలేదు. ఆ భాషనే అర్హతగా పెట్టే దారి మిగిలే ఉందని మా వాదన. ఆ దారి వెతకకుండానే 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ పెట్టారు. ఏజెన్సీకి వేరే డీఎస్సీ కావాలని మనం గొంతు చించుకున్నాం.

ఇక్కడ మన తప్పూ చెప్పుకోవాలి. పోస్టుల కోసం రోడ్డెక్కినంత గట్టిగా ఆ పోస్టులో కూర్చుని ఏ భాషలో చెప్తామన్నది మనం ఎప్పుడైనా అడిగామా? మాలో సగం మంది పాడేరులో, చింతపల్లిలో గది తీసుకుని పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేసుకున్నవాళ్లమే. చట్టం ప్రకారం స్కూల్ కమిటీ మూడేళ్ల అభివృద్ధి ప్రణాళిక రాయాలి, అందులో ఏ ఏడు ఏ తరగతిలో ఎంతమంది ఉంటారో అంచనా వేయాలి. ఆ ఫారం వచ్చినప్పుడు మేం ఒక్క రాత్రిలో నింపేశాం. ప్రహరీ గోడ, మరుగుదొడ్డి, రెండు బీరువాలు అని రాసి చైర్మన్ అన్న చేత సంతలో సంతకం పెట్టించుకున్నాం. ఆయన ఏం రాశారని అడగలేదు, మేం చెప్పలేదు.

పదేళ్ల లెక్క ఇలా వేయాలి. ఇవాళ ఏడో తరగతిలో ఉన్న కువి పిల్ల పది పూర్తి చేయడానికి ఈ ఏడుతో కలిపి నాలుగేళ్లు. ఇంటర్ రెండేళ్లు, డీఎడ్ రెండేళ్లు. టెట్, డీఎస్సీ ఎదురుచూపులు కలిపితే పదేళ్లు. అంటే పదేళ్ల తర్వాత ఆ కొండ మీద బడికి కావాల్సిన టీచరు ఇప్పుడు ఏదో ఆశ్రమ పాఠశాల హాస్టల్లో పప్పన్నం కోసం వరసలో నిలబడి ఉంది. ఆ పిల్ల మధ్యలో మానేస్తే ఆ పోస్టు అప్పుడే ఖాళీ అయినట్టు. జిల్లాకు దీర్ఘకాల ప్రణాళిక అంటే ఆ పిల్ల ఎక్కడుందో తెలుసుకోవడం. పదిలో తప్పితే మళ్లీ రాయించడం, పెళ్లి మాట వస్తే ఇంటికెళ్లి కూర్చోవడం, డీఎడ్ సీటు, ఫీజు ముందే ఏర్పాటు చేయడం.

మా బడిలో ఒక చార్టు మొదలుపెట్టాం. ఒక పక్క రాబోయే పదేళ్లు, ఇంకో పక్క మా పంచాయతీలోని ఊళ్లు. అంగన్‌వాడీ రిజిస్టరు చూసి పిల్లల సంఖ్య నింపాం, మా రిటైర్మెంటు తేదీలు మేమే రాసుకున్నాం. చివరి వరసకు ‘కువి వచ్చిన టీచరు’ అని పేరు పెట్టాం. ఆ వరసలో ఐదు గళ్లు నింపాలి. ఇప్పటికి ఇద్దరు అమ్మాయిల పేర్లు పెన్సిల్‌తో రాశాం. ఒకమ్మాయి ఎనిమిది, ఇంకో అమ్మాయి ఆరు చదువుతోంది. వచ్చే గ్రామసభలో ఆ చార్టు గోడకు తగిలించి, తీర్మానం రాయించి, ఎంఈవో ఆఫీసులో ఇచ్చి రశీదు తీసుకుంటాం. మీ పంచాయతీ చార్టులో ఎన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయో మీరూ రాసి తెండి.