వాలు మీద మట్టి నిలవాలంటే

కొండవాలును దున్ని పంట వేసినచోట, మొక్క నిలదొక్కుకోక ముందే గట్టి వాన పడితే పైమట్టి జారిపోతుంది. వానా, వాలూ రెండూ ఎక్కువైన ఉష్ణమండల దీవుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ అలాంటిదే. మన యానాంకు అది పరాయి నేల కాదు. రెండూ ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న 1828లోనే తెలుగు కూలీలు యానాం నుంచి ఓడెక్కి అక్కడి తోటల్లో పనికి వెళ్లారు.

అగ్నిపర్వతాల లావాతో పుట్టిన ఆ దీవి విస్తీర్ణం 2,512 చదరపు కిలోమీటర్లే. అందులోనే 3,070 మీటర్ల పిటోన్ దె నేజ్ శిఖరం ఉంది. 1966 జనవరి తుపానులో అక్కడి ఫోక్-ఫోక్ అనేచోట 24 గంటల్లో 1,825 మిల్లీమీటర్ల వాన కురిసింది. యానాం ప్రాంతంలో ఏడాదంతా కురిసేదానికంటే అది ఎక్కువ.

మట్టి కోత చినుకుతో మొదలవుతుంది. చినుకు దెబ్బకు బోడినేల మీది మట్టిబెడ్డ చితుకుతుంది. లేచిన మెత్తని మట్టి నేల రంధ్రాలను పూడ్చేస్తుంది. ఇక నీరు ఇంకదు, పారుతుంది. పారే నీరు ముందు వేలెడు చాళ్లు కోస్తుంది, అవి కలిసి గండ్లవుతాయి. వాలు నిటారుగా, పొడవుగా ఉన్నకొద్దీ కోత పెరుగుతుంది. హెక్టారు మీద మిల్లీమీటరు మందం మట్టి పోయినా 10 ఘనపు మీటర్లు పోయినట్టే. అంత మట్టి మళ్లీ తయారు కావడానికి ఏళ్లు పడుతుంది.

వాలు ఒకటే అయినా పంటను బట్టి నష్టం మారుతుంది. చెరకు నరికాక దుబ్బు నేలలోనే ఉండి కార్శిగా చిగురిస్తుంది. చెరకు చెత్తను తగలబెట్టకుండా పరిస్తే చినుకు దెబ్బ మట్టికి తగలదు. తోటను తిరగదున్ని కొత్తగా నాటే ఏడే అసలు గండం. అత్తరు నూనె కోసం వేసిన జెరేనియం కథ వేరు. రీయూనియన్‌లో ఎత్తైన వాలుల్లో అడవి నరికి దాన్ని నాటారు, నూనె తీసే బట్టీలకూ అడవి కట్టెలే వాడారు. సాళ్ల మధ్య నేల బోడిగా మిగిలి, సారమంతా కొట్టుకుపోయింది.

మన వట్టివేరూ ఆ దీవిలో నూనె పంటే. వేరు కోసం తవ్వితే నేల గుల్లబారి వానకు కొట్టుకుపోతుంది. అదే మొక్కను వాలుకు అడ్డంగా వరుసగా నాటి, తవ్వకుండా వదిలేస్తే వేరు నిలువునా మీటర్ల లోతుకు దిగుతుంది. పైన దుబ్బులు కలిసిపోయి కంచెలా నీటి వేగాన్ని తగ్గిస్తాయి. వాటి వెనక మట్టి పేరుకుని మెల్లగా మెట్టు ఏర్పడుతుంది.

ఈ పాఠం మన తూర్పు కనుమలకూ వర్తిస్తుంది. వెనకటి పోడులో ఒకచోట పంట తీశాక ఆ నేలను చాలా ఏళ్లు వదిలేసేవారు, అడవి తిరిగి కమ్ముకునేది. భూమి చాలక ఆ విరామం తగ్గినచోట వాలు బోడిగానే వానకు చిక్కుతోంది. అదే కనుమల్లో పాడేరు, అరకు రైతులు సిల్వర్ ఓక్ నీడన కాఫీ, మిరియాలు పండిస్తున్నారు. అక్కడ నేల మీద ఏడాది పొడవునా ఆకు పరుచుకునే ఉంటుంది.

వాలు మీంచి జారిన మట్టి ఎక్కడికి చేరుతుందో ఇక్కడే చూడొచ్చు. వరద రోజుల్లో యానాం రేవులో గౌతమీ గోదావరి నీటిని గ్లాసుతో ముంచి కాసేపు కదపకుండా ఉంచితే, అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటుంది. పులసలు వచ్చే కాలమని ఇక్కడివారు ఆ ఎర్రనీటి కోసం ఎదురుచూస్తారు. ఆ ఒండ్రే డెల్టాను నిర్మించిందన్నదీ నిజమే. కానీ అందులో ఎగువ రైతు పొలం మట్టి కూడా ఉంది.

ఏజెన్సీలో వాలు సాగు చేసే రైతును తప్పుపట్టి లాభం లేదు, బతుకుతెరువు కోసమే అతను కొండెక్కాడు. వాలుకు అడ్డంగా రాతికట్టలు, కందకాలు, వట్టివేరు వరుసలు వేసుకోవడానికి అతనికి కూలి డబ్బులు, నారు అందించాల్సింది ప్రభుత్వం. ఆ పని తొలకరికి ముందే జరగాలి. వానలు మొదలయ్యేనాటికి ఏ వాలూ బోడిగా ఉండకూడదు.